దూరాన ఉన్న స్నేహితులతో వారం వారం మాటలు: ఎలా కూర్చోవాలి, ఏం అడగాలి

ఆన్‌లైన్‌లో పరిచయమై, ఎదురుగా ఒక్కసారి కూడా చూసుకోకుండానే ఏళ్ళు గడిచిన స్నేహాలు మా కడపలో చాలామందికి ఉన్నాయి. కొన్ని మిద్దె తోటల దగ్గర మొదలయ్యాయి, కొన్ని ముగ్గుల దగ్గర, కొన్ని పాటల దగ్గర. ఒకరిది ప్రొద్దుటూరు, ఒకరిది హైదరాబాదు, ఒకరు కువైట్‌లో, ఒకరు డల్లాస్‌లో. తెల్లారితే గుడ్ మార్నింగ్ పువ్వులు, పండగొస్తే శుభాకాంక్షలు తప్పకుండా వస్తాయి. అయితే ఆ అక్క మోకాలి నొప్పి తగ్గిందో లేదో తెలీదు. ఆ అన్న పెట్టిన సొరపాదు పందిరెక్కిందో లేదో తెలీదు. "ఏంటక్కా సంగతులు?" అంటే "ఏముంటాయి, మామూలే" అంటారు. మాట అక్కడితో ఆగిపోతుంది.

ఆ మామూలులోనే అంతా ఉంది. అది బయటికి రావాలంటే పోయినసారి వాళ్ళు చెప్పిన ఒక చిన్న మాట గుర్తుపెట్టుకొని, ఈసారి దాని గురించే అడగాలి. ఇంత చిన్న పని వారం వారం జరగాలంటే కొంచెం ఏర్పాటు ఉండాలి. ఆ ఏర్పాటు ఎట్లా చేసుకోవాలో రాస్తున్నాను.

ముందు మనుషుల సంగతి

వాట్సాప్ కాల్‌లో 32 మంది దాకా పడతారు. పడతారని అందరినీ పిలవకండి. ఐదుగురు, మహా అయితే ఆరుగురు చాలు. అంతకు మించితే ఇద్దరే మాట్లాడతారు, మిగతావాళ్ళు వింటూ వంటింట్లోకి పోతారు. పెద్ద గ్రూపు ఉంటే ఉండనివ్వండి, పువ్వులకూ పండగలకూ అది పనికొస్తుంది. దానికి వేరుగా, రోజూ తలుచుకునే నలుగురైదుగురితో ఒక చిన్న గ్రూపు పెట్టుకోండి.

పెట్టుకున్న రోజే చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది చేయరు. ప్రతి ఒక్కరి ఇంటి చిరునామా, వాళ్ళింట్లో ఇంకొకరి ఫోను నంబరు రాసుకోండి. భర్తదో, కూతురిదో, పక్కింటివాళ్ళదో, ఎవరిదైనా సరే. ఏళ్ళ తరబడి మాట్లాడుకుంటాం, వాళ్ళింట్లో కుక్కపిల్ల పేరు కూడా తెలుసు. ఇంటి నంబరు మాత్రం తెలీదు. రేపు మాట మధ్యలో ఆమె కళ్ళు తిరిగి పడిపోతే మనం ఎవరికి చెప్పాలి? అందుకే ముందు ఇది. అడగడానికి మొహమాటపడితే మీ నంబరు, మీ అబ్బాయి నంబరు మీరే ముందు పంపండి. వాళ్ళూ పంపుతారు.

రోజు, వేళ

ఆదివారం అందరికీ సెలవే కదా అనుకుంటాం. కువైట్‌లో సెలవు శుక్రవారం. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకు శుక్ర, శనివారాలు రెండూ ఉంటాయి కానీ దుకాణాల్లో, ఇళ్ళలో, డ్రైవింగ్‌లో ఉన్న మనవాళ్ళకు చాలామందికి శుక్రవారం ఒక్కటే. రాయచోటి, రాజంపేట వైపు నుంచి అక్కడికి పోయినవాళ్ళు ఎంతమందో మనకు తెలుసు. వాళ్ళకు ఆదివారం పొద్దున డ్యూటీ. కాబట్టి గ్రూపులో గల్ఫ్ మనిషి ఒక్కరున్నా ముందు వాళ్ళనే అడగండి. శనివారం రాత్రి మనకు 8:30 గంటలైతే కువైట్‌లో సాయంత్రం 6. డల్లాస్‌లో ఉదయం 10. చాలామందికి ఈ వేళ కుదురుతుంది.

డల్లాస్ గడియారం ఏడాదికి రెండుసార్లు మారుతుంది. మార్చి రెండో ఆదివారం ముందుకు జరుగుతుంది, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి వస్తుంది. అందుకని చలికాలంలో మన 8:30 వాళ్ళకు ఉదయం 9 అవుతుంది. మన గడియారమూ కువైట్ గడియారమూ ఎప్పుడూ మారవు. ఆ రెండు వారాల్లో ముందురోజే ఒక మెసేజ్ పెట్టండి, లేకపోతే ఒకరు గంటసేపు ఒంటరిగా కూర్చుంటారు. రంజాన్ నెల వస్తే ఆ సాయంత్రం వేళ కువైట్‌లో ఇఫ్తార్‌కు దగ్గర పడుతుంది. ఉపవాసముండే స్నేహితులుంటే ఆ నెల మట్టుకు ఇంకో గంట ఆలస్యంగా పెట్టుకోండి. వాళ్ళు అడిగేదాకా ఆగొద్దు.

మన వైపు ఎండాకాలం సంగతీ చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో కడపలో రాత్రి ఎనిమిదికి కూడా గోడలు సెగ కొడుతుంటాయి. నీళ్ళు చల్లిన మిద్దె మీద కూర్చుంటే మాట సాగుతుంది. కరెంటు పోతే వైఫై కూడా పోతుంది కాబట్టి ఫోనులో డేటా వేసుకొని ఉంచండి.

ఒకసారి వేళ కుదిరాక దాన్ని కదపకండి. ఎవరో ఒకరు రాలేకపోతే మిగతావాళ్ళు మాట్లాడుకోండి. అందరికీ వీలైన రోజు కోసం చూస్తూ పోతే ఆ రోజు రాదు.

ఫోనులో ఏది వాడాలి

వాట్సాప్ చాలు. వేరే దేశంలో ఉన్నవాళ్ళతో కూడా అందరికీ అలవాటైంది అదే. జూమ్ ఉచితంగా వాడితే 40 నిమిషాలకు తెగిపోతుంది, గూగుల్ మీట్ ముగ్గురు, అంతకు మించి ఉంటే 60 నిమిషాలు ఇస్తుంది. మీ గ్రూపులో దుబాయ్ మనిషి ఉంటే వాట్సాప్ కాల్ అక్కడ పలకదు, మెసేజ్‌లు, వాయిస్ మెసేజ్‌లు మాత్రం పోతాయి. అట్లాంటివాళ్ళు కాల్‌కు ముందే రెండు నిమిషాల వాయిస్ పంపితే అందరూ కలిసి విని జవాబు పంపొచ్చు.

చిన్న నోటు పుస్తకం

ఇదే అసలు పని. క్యాలెండర్ పక్కన తగిలించుకునే చిన్న పుస్తకం ఏదైనా సరే. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ ఇవ్వండి. కాల్ అయిపోగానే, ఫోను కింద పెట్టకముందే, ఆ మనిషి చెప్పినవాటిలో తేలని విషయం ఒకటి రాసుకోండి. తేలిపోయినది వద్దు. "ప్రొద్దుటూరు అక్క: గురువారం కంటి డాక్టరు." "కువైట్ అన్న: రూములోకి కొత్త మనిషి, గురక, నిద్ర లేదు." "డల్లాస్ చెల్లెలు: గోంగూర మొలకలు పడిపోతున్నాయి." ఇంతే.

పైవారం ఆ పేజీ తెరిచి అదే అడగండి. "అక్కా, గురువారం కంటి డాక్టరు దగ్గరికి పోతానంటివి గదా, ఏమన్నాడు?" అంటే ఆ మనిషి గొంతు మారిపోతుంది. వారం రోజులు తన మాట ఇంకొకరి ఇంట్లో ఉందని తెలుస్తుంది. "ఎట్లుండావ్?" అన్న మాటకు "బాగుండా" అనే జవాబే వస్తుంది. "గురక పెట్టే ఆయన ఇంకా రూములోనే ఉండాడా?" అంటే పావుగంట మాట వస్తుంది. ఆ పావుగంటలో మీకు ఆయన జీతం సంగతీ, ఇంటి మీద బెంగా, వంట ఎవరు చేస్తున్నారో అన్నీ తెలుస్తాయి.

మీ పేజీ కూడా ఒకటి ఉంచుకోండి. వారంలో మీకు జరిగినవి మూడు రాసుకోండి. పెద్దవి అక్కర్లేదు. కొత్త పనిమనిషి వచ్చింది, మందార మొగ్గ రాలిపోతోంది, చిన్ననాటి టీచరు కనిపించారు. మీ వంతు వచ్చినప్పుడు "ఏం లేవు" అనకుండా ఉండడానికే ఈ మూడూ. మీరు చిన్న సంగతి చెబితే అవతలివాళ్ళూ తమ చిన్న సంగతి చెప్పడానికి వెనకాడరు.

మాట మొదలుపెట్టడం

మొదటి పది నిమిషాలు ఎట్లాగూ "వినపడుతోందా, కనపడుతున్నానా"లోనే పోతాయి. పోనివ్వండి. తర్వాత ఒకరు పూనుకొని వంతు నడపాలి. వారానికొకరు ఆ పని చూసుకుంటే ఎవరికీ బరువు కాదు. పోయిన వారం తక్కువ మాట్లాడినవాళ్ళను ముందు పిలవండి. ఎప్పుడూ ముందుండేవాళ్ళు ఎట్లాగూ మాట్లాడతారు.

ఒకరు చెబుతుంటే మధ్యలో "మా ఇంట్లో కూడా అంతే, మా ఆయనకు కూడా..." అని అందుకోవడం మనందరికీ ఉన్న అలవాటే. మంచి మనసుతోనే అంటాం. కానీ ఆ మాటతో వాళ్ళ సంగతి సగంలో తెగి మన సంగతి మొదలవుతుంది. ముందు ఇంకొక ప్రశ్న అడగండి, మన ఇంటి సంగతి ఆ తర్వాత. "అప్పుడు నువ్వేమన్నావ్?" అన్న ప్రశ్న ఎక్కడైనా పనికొస్తుంది.

ఆరోగ్యం సంగతి వచ్చినప్పుడు

నలభై దాటిన నలుగురు కలిస్తే షుగరు, బీపీ, థైరాయిడ్, మోకాళ్ళు రాక తప్పవు. రానివ్వండి. ఇంట్లో పిల్లలకు చెబితే కంగారు పడతారని, భర్తకు చెబితే పట్టించుకోడని దాచుకున్నవి ఇక్కడే బయటికొస్తాయి. ఇది ఎంత విలువైనదో నాకు తెలుసు, అందుకే దీన్ని జాగ్రత్తగా చేయమని అడుగుతున్నాను.

అడిగేటప్పుడు అంకె అడగండి, తేదీ అడగండి. "షుగరు ఎట్లుంది?" అంటే "కంట్రోల్‌లోనే ఉంది" అంటారు. "హెచ్‌బీఏ1సీ ఎప్పుడు చేయించుకుంటివి?" అంటే నిజం తెలుస్తుంది. ఆ పరీక్ష దాదాపు మూడు నెలల సగటును చూపిస్తుంది. పరీక్ష ముందురోజు పస్తుండి తెచ్చుకున్న మంచి అంకె దాని ముందు నిలవదు. "కాళ్ళు చూసుకుంటాండావా, అరికాలు కింద పుండు గానీ, తిమ్మిరి గానీ ఉందా?" అని కూడా అడగండి. షుగరు ఉన్నవాళ్ళు రోజూ పాదాలు చూసుకోవాలి. వంగలేనివాళ్ళు నేల మీద అద్దం పెట్టి చూసుకోవచ్చు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళను "కాఫీకి ఎంత ముందు వేసుకుంటావ్?" అని అడగండి. పరగడుపున నీళ్ళతో వేసుకొని, కనీసం అరగంట ఆగి కాఫీ తాగాలి. చాలామంది మాత్ర, కాఫీ ఒకే చేత్తో కానిచ్చేస్తారు.

మందు మాత్రం చెప్పకండి. "మా డాక్టరు ఈ మాత్ర రాసినాడు, నువ్వూ వేసుకో" అన్న మాట నోటి దాకా వచ్చినా ఆపుకోండి. ఒకరి బీపీ మాత్ర ఇంకొకరి కిడ్నీకి పడకపోవచ్చు. కాకరరసం, మెంతులు తాగి షుగరు మాత్ర మానేయమనే వీడియోలు ఈ చిన్న గ్రూపులో వేయవద్దని మొదటి రోజే అందరూ అనుకోండి. వంటలో మెంతులు వేసుకోవచ్చు, మాత్ర మానడం మాత్రం డాక్టరు చెప్పాలి. మనం చేయగలిగిన సాయం వేరే ఉంది. డాక్టరును ఏమేం అడగాలో కలిసి కూర్చొని రాసివ్వడం, రిపోర్టు తేదీ గుర్తుచేయడం, ఒంటరిగా పోయే మనిషి ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్నంతసేపూ ఫోనులో తోడుండడం. ఆ చివరిది చేసి చూడండి. బెంచీ మీద వాళ్ళు, మిద్దె మీద మీరు, మధ్యలో పెద్ద మాటలేం ఉండవు. టోకెన్ నంబరు ఎంతకొచ్చింది అని ఒకటి, రెండు. అంతే, దాంతోనే వాళ్ళ చేతుల వణుకు తగ్గుతుంది.

కాల్ జరుగుతుండగానే ఏమైనా అయితే ఏం చేయాలో ముందే తెలుసుకొని ఉండండి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడే మనిషికి మాట మధ్యలో చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తికమకగా వస్తే షుగరు పడిపోయి ఉండొచ్చు. మెలకువగా ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి వెంటనే తాగమనండి. పావుగంటకు మళ్ళీ షుగరు చూసుకోమనండి, తగ్గకపోతే ఇంకోసారి తాగాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు.

మూతి ఒక వైపు జారినట్టు కనిపించినా, మాట ముద్దగా వచ్చినా నెట్‌వర్క్ తప్పేమో అనుకొని వదిలేయకండి. "ఒకసారి నవ్వు, రెండు చేతులూ పైకెత్తు" అనండి. ఒక చెయ్యి జారిపోతుంటే, నవ్వు ఒక వైపే వస్తుంటే అది పక్షవాతం కావచ్చు. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మొదటి నాలుగున్నర గంటలే వేళ. ఇంట్లో ఉన్న మనిషికి మీరు ఫోను చేయండి, అందుకే ఆ నంబరు మొదటిరోజే రాసుకోమన్నాను. మన దగ్గర 108. ఇంకో రాష్ట్రంలో ఉన్న స్నేహితురాలి కోసం మీరు కడప నుంచి 108 కొడితే మన రాష్ట్రం వాళ్ళే పలుకుతారు. కాబట్టి ఆమె ఇంటివాళ్ళో పక్కింటివాళ్ళో అక్కడి నుంచే కొట్టాలి. కువైట్‌లో 112, అమెరికాలో 911. ఈ మూడూ నోటు పుస్తకం మొదటి పేజీలో ఉండాలి.

మనసు బాగాలేదన్న మాటను కూడా ఒంటి జబ్బును విన్నట్టే వినండి. "నిద్ర పట్టదు, ఏదీ చేయబుద్ధి కాదు" అని వరుసగా రెండు మూడు వారాలు ఒకే మనిషి అంటుంటే, "అన్నీ నువ్వే ఊహించుకుంటాండావ్" అనకండి. గ్రూపులో కాకుండా విడిగా ఫోను చేయండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి జంకకండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, ఉన్నది చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. భారతదేశంలో ఉన్నవాళ్ళకు మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ తెలుగులో కూడా మాట్లాడతారు. నంబరు ఇచ్చి ఊరుకోకండి, "రేపు చేస్తావా, నేను ఏ వేళకు అడగాల?" అని ఒక వేళ తీసుకోండి.

రిపోర్టుల ఫోటోలు గ్రూపులో అడగొద్దు. పంపాలనిపిస్తే ఒకరికి విడిగా పంపుకుంటారు. ఒకరు చెప్పిన జబ్బు సంగతి ఇంకొకరి నోట ఆ పెద్ద గ్రూపులో వచ్చిందంటే ఆ మనిషి మళ్ళీ నోరు తెరవదు.

మిద్దె తోట, ముగ్గు, పాట: చూపించడం ఎట్లా

ఆరోగ్యం సంగతి అయ్యాక తప్పకుండా చేతిపనులకు రండి. నొప్పుల మాటలతోనే కాల్ ముగిస్తే పైవారం ఎవరికీ ఉత్సాహం ఉండదు.

మాటల్లో చెప్పడం కంటే చూపించడం మేలు. చూపించేటప్పుడు ముందు కెమెరా ఆపి వెనక కెమెరా పెట్టండి. వెలుతురు మీ వీపు వెనక నుంచి మొక్క మీద పడాలి. రాత్రి కాల్ అయితే సాయంత్రం ఎండ వాలకముందే ఫోటో, చిన్న వీడియో తీసి ఉంచండి. ఆకు పైభాగం అందరూ చూపిస్తారు, పురుగు ఉండేది కింది వైపు. ప్రొద్దుటూరు అక్క వంకాయ ఆకు ముడుచుకుపోతోందని చెబుతుంటే ఎరువు అని ఒకరు, నీళ్ళు అని ఒకరు అంటూనే ఉన్నాం. ఆకు తిప్పమంటే తిప్పింది. నడి ఈనె పొడుగునా తెల్ల దూది పెట్టినట్టు పిండినల్లి, దాని పక్కన వరసగా చీమలు. చీమలు కనిపించాక ఇంక అనుమానం లేదు. ఆ నల్లి కార్చే తీపి కోసమే అవి వస్తాయి, నల్లిని ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు మోసేదీ అవే. లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి రెండు చుక్కల సబ్బు ద్రావణం వేసి, ఎండ తగ్గాక ఆకుల కింది వైపు తడిసేలా కొట్టాలి. వారానికోసారి చొప్పున మళ్ళీ కొట్టాలి. బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి పారేయాలి. ఇదంతా ఒక్క ఆకు తిప్పి చూపించినందుకు తేలింది.

మన ఎండలకు మిద్దె మీద 50 శాతం నీడనిచ్చే పచ్చ వల ఏప్రిల్ రాకముందే కట్టుకోవాలి. కుండీల్లో మట్టి మీద చెనక్కాయ పొట్టు పరిస్తే తడి ఆరదు, మన దగ్గర దానికి కొరత లేదు. టమాటకు పూత రాలిపోతోందని ఎండాకాలంలో బాధపడేవాళ్ళకు ధైర్యం చెప్పండి. పగలు 35 డిగ్రీలు దాటితే పూత నిలవదు, అది వాళ్ళ చేతి లోపం కాదు. డల్లాస్‌లో ఉన్న చెల్లెలికి లెక్క వేరే. అక్కడ చలి పూర్తిగా పోయి నేల వేడెక్కాక, ఏప్రిల్‌లో గోంగూర విత్తుకోవాలి. శీతాకాలం మంచు పడకముందే కరివేపాకు కుండీ ఇంట్లోకి తెచ్చి కిటికీ దగ్గర పెట్టుకోవాలి. మన మే నెలలో మనం వల కింద మొక్కలను కాపాడుకుంటుంటే వాళ్ళకు అప్పుడే అసలు పంట మొదలు. ఒకరి తోట వాడిపోయే కాలంలో ఇంకొకరి తోట నిండుగా ఉంటుంది కాబట్టి చూడడానికి ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది.

విత్తనాలు పంచుకోవడం ఈ స్నేహాల్లో పెద్ద సంతోషం. మన దేశంలోపల అయితే నీడలో బాగా ఆరబెట్టి, కాగితం పొట్లం కట్టి, పేరూ నెలా రాసి స్పీడ్ పోస్టులో పంపండి. ప్లాస్టిక్ కవరులో తడి మిగిలితే బూజు పడుతుంది. అమెరికాకు మాత్రం కవరులో పెట్టి పంపకండి. అనుమతి కాగితాలు లేని విత్తనాలను అక్కడ ఆపేస్తారు, అందుకున్న మనిషికి చిక్కు. అక్కడి భారతీయ దుకాణాల్లోనే కొనుక్కోమనండి.

ముగ్గులవాళ్ళకు ధనుర్మాసం నెలంతా పండగే. చుక్కల లెక్క ముందు పంపండి. "15 చుక్కలు, సందు చుక్క, 8 దాకా" అంటే తెలిసినవాళ్ళకు చాలు. పూర్తయిన ముగ్గు ఫోటో చూసి నేర్చుకోవడం కష్టం. మెలిక ఎక్కడ మొదలై ఏ చుక్క చుట్టూ తిరిగి వచ్చిందో చెయ్యి కదులుతుండగా చూడాలి. స్టూలు అంచున ఫోను తెర పైకి ఉండేలా పెట్టి, వెనక కెమెరా అంచు బయటికి వచ్చేలా, పైన బరువుగా ఒక పుస్తకం ఉంచి, కింద పలక మీద వేసి చూపించండి. వాకిట్లో వంగి వేసేటప్పుడు మనిషి నీడ ముగ్గు మీద పడి ఏమీ కనపడదు.

పాడేవాళ్ళుంటే అందరూ కలిసి పాడొద్దు. ఫోనులో ఒకరి గొంతు ఇంకొకరికి కొంచెం ఆలస్యంగా చేరుతుంది, తాళం చెదిరిపోతుంది. ఒకరు పాడండి, మిగతావాళ్ళు మ్యూట్‌లో పెట్టి నోరు కదపండి. అన్నమయ్య పుట్టిన తాళ్ళపాక మన ఉమ్మడి కడప జిల్లాదే కాబట్టి మా గ్రూపులో నెల చివరి వారం ఒక కీర్తన తప్పదు.

మాట తగ్గించినవాళ్ళు

ఒకరు రెండు వారాలుగా రాకపోతే గ్రూపులో "ఏమైపోయినావ్?" అని అందరి ముందూ అడగొద్దు. కారణం చెప్పుకోవాల్సిన బాధ్యత వాళ్ళ మీద పడుతుంది, ఇంకా దూరం జరుగుతారు. వాళ్ళ పేజీ తీసి విడిగా ఒక్క మెసేజ్ పెట్టండి. "మందార ఈ వారం పూసింది, నీకు చూపించాలనిపించింది." కింద ఫోటో. జవాబు అడగని మెసేజ్ అది. పలికితే మంచిది. పలకకపోతే ఇంకో వారానికి ఇంకొకటి. మూడోవారం కూడా నీలం టిక్కులు రాకపోతే అప్పుడు ఇంటివాళ్ళ నంబరుకు ఫోను చేయండి.

డబ్బు వచ్చినప్పుడు

స్నేహితురాలి పేరుతో "అర్జెంటుగా 20 వేలు పంపు, రేపు ఇస్తా" అని మెసేజ్ వస్తే పంపకండి. ముందు ఫోను చేసి గొంతు వినండి. ఫోను ఎత్తకపోతే వీడియో కాల్. అకౌంటు దొంగల చేతిలో పడినప్పుడు వచ్చే మెసేజ్‌లు అచ్చం అట్లాగే ఉంటాయి. పోయిన వారం నోటు పుస్తకంలో రాసుకున్న సంగతి ఒకటి అడగండి, దొంగకు తెలీదు. డబ్బు అప్పటికే పోయుంటే ఆ క్షణమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. నిజంగానే స్నేహితురాలికి అవసరమై అడిగితే, తిరిగి రాకపోయినా మీకు బాధ కలగనంత మాత్రమే ఇవ్వండి. ఆ సంగతి గ్రూపులో ఎత్తకండి.

కడపలో కలుసుకునేటప్పుడు

ఎప్పుడో ఒకప్పుడు అందరూ కలవాలన్న మాట వస్తుంది. కువైట్ వాళ్ళ సెలవు ఖాయమైన రోజే తేదీ పెట్టేయండి. నవంబరు నుంచి జనవరి దాకా మన దగ్గర తిరగడానికి బాగుంటుంది. మొదటిసారి కలిసేటప్పుడు ఎవరింటికీ వద్దు, నలుగురూ తిరిగే చోట పగటిపూట కలవండి. ఇంట్లోవాళ్ళకు చెప్పి రండి. ఏళ్ళ పరిచయమైనా సరే, మొదటిసారికి అదే పద్ధతి.

పొద్దున్నే దేవుని కడప గుడి దగ్గర మొదలుపెట్టండి. ఉగాది రోజు ముస్లింలు కూడా వచ్చి మొక్కే గుడి అది, మా గ్రూపులో అందరికీ చెప్పుకోదగ్గది. తర్వాత ఎర్రకారం దోశ, లేకపోతే ఉగ్గాని బజ్జీ. షుగరు ఉన్నవాళ్ళు మాత్ర వేసుకొని తిండికి ఆలస్యం చేయకూడదు కాబట్టి గుడిలో ఎంత రద్దీ ఉన్నా టిఫిన్ వేళ దాటనివ్వకండి. పుస్తకాలంటే ఇష్టమున్నవాళ్ళను ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకుపోండి. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన బ్రౌన్ దొర ఉన్న చోటే అది. మధ్యాహ్నం రాగిసంగటి, ఊరిబిండి. మోకాళ్ళు బాగున్నవాళ్ళయితే ఆ సాయంత్రం గండికోట. కడప నుంచి జమ్మలమడుగు మీదుగా రెండు గంటల దారి. పెన్నా లోయ అంచున చాలాచోట్ల కంచె ఉండదు, రాళ్ళు జారతాయి, ఫోటోల కోసం అంచుకు పోనివ్వకండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళుంటే గండికోట వదిలేసి ఒంటిమిట్ట కోదండరాముడి గుడికి పోండి. తిరుపతి దారిలో పాతిక కిలోమీటర్లే, మండపంలో ఎంతసేపైనా కూర్చోవచ్చు.

రాలేకపోయిన మనిషికి ఆ మండపం నుంచే కాల్ చేయండి. ఫోను చేతులు మారుస్తూ తిప్పకుండా ఒక స్తంభానికి ఆనించి పెట్టి, మీరందరూ దాని ముందు కూర్చోండి. డల్లాస్‌లో అప్పుడు వేళ ఎంతయిందో చూసుకొని చేయండి.